ఆన్‌లైన్ వేదికకు మెట్లెన్ని?

లేని వస్తువుకు కూడా పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటాయని మా దుమ్యాత్ నగరంలో అధికారికంగా నిరూపణ అయింది. ప్రపంచ శాస్త్రజ్ఞులు ఈ సంగతి ఇంకా ఒప్పుకోలేదు. (వాళ్ల దగ్గర రబ్బరు స్టాంపు లేదు.) ఆ నిరూపణకు నేను ప్రత్యక్ష సాక్షిని. నైలు ఒడ్డున బుర్జ్ అల్-హమామ్ యువజన కేంద్రంలో కార్యక్రమాలు చూసుకుంటాను. పేరు రావియా. పేటలో పిల్లలు నన్ను అబ్లా అని పిలుస్తారు. పంతులమ్మకూ అక్కకూ మధ్య ఎక్కడో ఉంటుంది ఆ పిలుపు. పై అధికారులు ఏమీ పిలవరు, సంతకం కావాలంటే తప్ప.

కైరోలో ఒక సంఘం వీడియో ఫుట్‌బాల్‌లో జాతీయ పోటీ ప్రకటించింది. ఊరికొక ఆటగాడు. ఊళ్లో పోటీ ఆన్‌లైన్‌లో జరగాలి, ఏ వేదిక మీద జరిగిందో చెబుతూ యువజన కేంద్రం స్టాంపు వేసి ఇవ్వాలి. ఇరవై నాలుగేళ్లు నిండినవాళ్లు పనికిరారు.

మా ఊరి నుంచి వెళ్లదగినవాడు ఎవరో అందరికీ తెలుసు. బహ్‌గత్. ఫర్నిచర్ కార్ఖానాలో పాలిష్ పనివాడు. ఎంత కడిగినా వేళ్లకు లక్క రంగు పోదు. ఆ వేళ్లలో ఆట రిమోటు పెడితే అతన్ని ఓడించినవాడు దుమ్యాత్‌లో లేడు. అతనికి ఇదే ఆఖరి ఏడాది.

ఫార్మసీ చదివే షాహిందా నా దగ్గరకు వచ్చింది. పేటలో కుర్రాళ్ల పోటీలన్నీ ఇంట్లో కూర్చుని నడిపించేది ఆ అమ్మాయే. ఎవరితో ఎవరు ఆడాలి, ఎవడు ఓడిపోయి కూడా గెలిచానంటున్నాడు, అన్నీ ఆమెకు తెలుసు.

"మంచి వేదిక ఒకటి ఎంచుకుంటే చాలు అబ్లా, మిగతాది నేను చూసుకుంటా" అంది.

"ఎంచుకోడానికి కమిటీ ఉండాలమ్మా" అన్నాను.

కమిటీ వేశారు. అధ్యక్షుడు మా డైరెక్టర్ ఉస్తాద్ ఫిక్రీ. సభ్యుడు వేదికలు, ఆసనాల నిర్ధారణ విభాగం నుంచి ఇంజనీర్ జకరియా. మూడో కుర్చీ ఖాళీగా వదిలేశారు. (నిష్పాక్షికత అందులో కూర్చుంటుంది.)

షాహిందా శ్రద్ధగా మూడు వేదికలు పరిశీలించి వచ్చింది. మొదటిది చూడటానికి బాగుందిగానీ అరబ్బీ పేర్లను తలకిందులు చేస్తోందట. రెండోది విదేశీ బ్యాంకు కార్డు లేనిదే గడప తొక్కనివ్వదట. మూడోదానిలో జతలు అదే వేస్తుంది, ఇద్దరు ఆటగాళ్లూ ఫలితం ఫొటో పంపితే తప్ప గెలుపు రాయదు, కాబట్టి తగాదాలుండవు. పైగా ఉచితం.

ఫిక్రీ గారు అక్కడ ఆగారు. ఉచితమంటే బేరం జరగలేదనే కదా అర్థం అన్నారు. బేరమాడకుండా తీసుకుంటే రేపు తనిఖీవాళ్లకు తానేం చెప్పుకోవాలన్నారు.

"ఉచితానికి బేరమేంటండీ ఉస్తాద్?"

"కొంచెం తగ్గించమని రాయి తల్లీ. అడిగితే పోయేదేముంది?"

షాహిందా రాసింది. ఆ కంపెనీలో మనిషి చదివాడో, యంత్రమే చదివిందో, మర్నాడు పది శాతం తగ్గింపు ఇస్తున్నట్టు జవాబు వచ్చింది. ఫిక్రీ గారి ముఖం వెలిగిపోయింది. ఉద్యోగ జీవితంలో ఆయన సాధించిన మొదటి తగ్గింపు అది. కార్యాలయమంతటికీ టీ తెప్పించారు, తన జేబులోంచే.

ఇక సాంకేతిక పరిశీలన. ఇంజనీర్ జకరియా కొలత టేపుతో వచ్చాడు. మా భాషలో వక్త ఎక్కి మాట్లాడేదీ వేదికే, పోటీలు నడిపేదీ వేదికే. ఆయన సర్వీసంతా మొదటి రకంతోనే గడిచింది.

"ఒకేసారి ఎంతమందిని మోస్తుంది?" అని అడిగాడు.

"ఎంతమందినైనా అండీ" అంది షాహిందా.

"అంత గట్టి వేదికను నేనింతవరకు చూళ్లేదు. మెట్లెన్ని?"

"మెట్లుండవండీ. అది ఆన్‌లైన్‌లో ఉంటుంది."

"ఎక్కడుంటేనేం, ఎక్కాలి కదమ్మా."

షాహిందా ఫోన్ తీసి చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నమూనా సంతృప్తికరంగా ఉందనీ, అసలుది మాత్రం ఇంకా పెద్దదిగా ఉండాలనీ రాసుకున్నాడు. నేను కల్పించుకుని, ఇది చెక్కతో చేసేది కాదని చెప్పాను. దేనితో చేస్తారని అడిగాడు. దేనితోనూ చేయరన్నాను. చెక్కపనికి పేరుమోసిన దుమ్యాత్‌లో పుట్టి ఆ మాట ఎలా అనగలిగానా అన్నట్టు నావైపు జాలిగా చూశాడు.

వారం తిరక్కుండానే ఆమోదం వచ్చింది. జాన్ అనే గట్టి చెక్క, మూడు మెట్లు, రెండు వైపులా పట్టుకోడానికి కమ్మీ. పని బహ్‌గత్ ఉన్న కార్ఖానాకే వెళ్లింది. నేను చూడబోయేసరికి అతను మోకాళ్లమీద కూర్చుని దానికి పాలిష్ పట్టిస్తున్నాడు.

"ఇదేంటి అబ్లా?" అన్నాడు.

"నీ పోటీ నాయనా."

గుడ్డ మళ్లీ లక్కలో ముంచాడు. "అయితే ఇంకో పూత వేస్తా" అన్నాడు.

షాహిందా మాత్రం ఆగలేదు. ఆ ఉచిత వేదిక మీదే తన పేరుతో పోటీ పెట్టేసింది. ఆటగాళ్లు ఎవరిళ్ల నుంచి వాళ్లు ఆడారు. ఆఖరి ఆటకు మాత్రం ఇద్దరూ నైలు ఒడ్డున కాఫీ దుకాణంలోనే కూర్చున్నారు, చూడటానికి జనం పోగయ్యారు. బహ్‌గత్‌కు ఎదురుగా ఆడింది మా ఊరి కిందికే వచ్చే రాస్ ఎల్-బర్ నుంచి వచ్చిన ముంజీ. బహ్‌గత్ ఒక గోలు వెనకబడి ఉండగా ఇంటర్నెట్ పోయింది. హుక్కా పీలుస్తున్నవాళ్లు కూడా ఊపిరి బిగబట్టారు. లైను వచ్చాక ఆట ఆగినచోటు నుంచే మొదలైంది, చివరికి బహ్‌గత్ గెలిచాడు. ఓడిన ఫొటో ముంజీయే తన చేత్తో పంపాడు. తర్వాత వెళ్లి అందరికీ వేడివేడి ముషబ్బక్ తెచ్చాడు. జిలేబీకి పెద్దన్న లాంటిదది. బహ్‌గత్ తినలేదు. లక్క చేతులు వెనక పెట్టుకుని, ఆ ఫొటోనే చూస్తూ నిలబడ్డాడు.

ఇక మిగిలింది స్టాంపు. గడువు మర్నాడే. ఫిక్రీ గారు వేయనన్నారు. చెడ్డమనిషి కాదు, కుర్రాడు గెలిచాడని ఆయనకూ సంతోషమే.

"వేదిక ఇంకా అందలేదు తల్లీ. అందని వస్తువుకి స్టాంపెలా వేస్తాను?"

అందడానికి అదేమీ సామాను కాదని చెప్పడానికి షాహిందా నోరు తెరిచింది. అంతలో కార్ఖానాలో పూత ఆరుతున్న చెక్క వేదిక గుర్తొచ్చినట్టుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "అందితే వేస్తారా?"

"అందిన క్షణంలో."

ఆ సాయంత్రమే మూడు చక్రాల బండి మీద వేదిక వచ్చింది. ఒక పక్క బహ్‌గత్, ఇంకో పక్క ముంజీ, ఇద్దరూ మోసుకుంటూ లోపలికి తెచ్చారు. షాహిందా ముందు నడుస్తూ గుమ్మాలు తీసింది. ఫిక్రీ గారు మూడు మెట్లూ ఎక్కి, దిగి, స్టాంపు వేశారు: "జాన్ చెక్కతో చేసిన వేదిక ఒకటి, మంచి స్థితిలో అందినది. పోటీ దీనిపై సజావుగా జరిగినది." కైరో దాన్ని ఆమోదించింది. కమ్మీ ఉందా అని మాత్రం అడిగారు.

బహ్‌గత్ దేశంలో మూడోవాడిగా వచ్చాడు. సన్మానం ఆ వేదిక మీదే జరిగింది. అది ఆరుగురిని మాత్రమే మోస్తుందని ఇంజనీర్ ధ్రువీకరించాడు, అధికారులే ఆరుగురయ్యారు. బహ్‌గత్ కింద నిలబడి చేతులు పైకి చాచి జ్ఞాపిక అందుకున్నాడు. షాహిందా ఫొటో తీసింది, కాబట్టి ఫొటోలో లేదు.

దుమ్యాత్ పద్ధతిని అన్ని యువజన కేంద్రాలూ అనుసరించాలని తర్వాత సర్క్యులర్ వచ్చింది. వేదికలకు ఆర్డర్లు వెల్లువెత్తాయి. పాలిష్ బాగుందని పేరు రావడంతో పని మొత్తం బహ్‌గత్ మీద పడింది, రిమోటు ముట్టుకునే తీరిక లేదు. కుర్రాళ్లలో ఎవరినైనా తయారు చేద్దామని షాహిందా మా హాలుకు ఇంటర్నెట్ అడిగింది. వేదిక ఉండగా అదెందుకని కమిటీ తిప్పి పంపింది.

ఈ ఏడాది పోటీకి మీ ఆటగాడి పేరు పంపండని మొన్న కైరో నుంచి ఉత్తరం వచ్చింది. మేము వేదికను పంపిస్తున్నాం.