మొదటి వరుస చాలు!

అర్జీలో మొదటి వరుస మాత్రం చదివి, కింది వరుసలన్నీ మింగేసే కంప్యూటర్ ప్రోగ్రాం మన కడప జిల్లాకు దొరికిన వరం! నవ్వొద్దండీ. నేను శానా ఆలోచించే ఈ మాట అంటాండా.

రోడ్లు కావాల, ఫ్యాక్టరీలు కావాల, గండికోట చూడ్డానికి వచ్చేవాళ్ళకు హోటళ్ళు కావాల అని ఎగబడతారు. ఎందుకవన్నీ? మండలానికొక ప్రోగ్రాం ఇట్లాంటిది పెట్టించండి చాలు. అర్జీల దినం సోమవారం పొద్దున వచ్చిన సమస్యలన్నీ మధ్యాహ్నం భోజనాల లోపల తీరిపోతాయి. తీరిపోయినట్టు రిపోర్టు వస్తుంది. మనకు కావలసింది రిపోర్టే కదా!

నమ్మకం కుదర్లేదా? అయితే రాహేలు సంగతి వినండి. జమ్మలమడుగుకూ పులివెందులకూ నడుమ ఒక మండలాఫీసులో ఆ పిల్ల కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. ఏ మండలం అని మాత్రం అడగొద్దు. నా కాళ్ళతోటీ చేతులతోటీ నాకింకా పనుంది.

ఫ్యాక్షన్ పోయిందని పేపర్లలో రాస్తారు. నిజమే, పోయింది! వెనకటికి ఒక వర్గం గెలిస్తే రెండో వర్గం చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, రాత్రికి రాత్రే నేలకొరిగేవి. నాటు బాంబులు, కేసులు, జామీన్లు, కోర్టు వాయిదాలు, ఎంత పని! ఇప్పుడు మనుషులకు నాగరికత వచ్చింది. వీధి మొదట్లో నీళ్ళ పైపుకు ఒక వాల్వు ఉంటుంది చూడండి, దాన్ని బిగించి, పైన ఇనుప పెట్టె బోర్లించి, తాళం వేస్తారు. అంతే! రక్తం లేదు, సాక్షులు లేరు. వీధి మొత్తం బిందెలు పట్టుకుని తనంతట తానే దారికి వస్తుంది.

పోయిన ఐదేండ్లు ఆ తాళంచెవుల గుత్తి సుబ్బన్న వర్గం దగ్గర ఉండె. ఈ ఐదేండ్లు చిన్నన్న వర్గం దగ్గర ఉంది. పార్టీల జెండాలు మారతాయి, కండువాలు మారతాయి, గుత్తి మాత్రం అదే. ఓటు రహస్యం అని చట్టం చెప్తుంది గానీ, మా దగ్గర ఏ వీధి ఎవరికి వేసిందో కుళాయి తిప్పితే తెలిసిపోతుంది.

చిన్నన్న తరఫున గుత్తి మోసేవాడు కాటమయ్య. నడుస్తాంటే మొలకు వేలాడే చెవులు గలగలమంటాయి. అవతలి వర్గం వీధులకు తాళాలు వేయడం అయిపోయినాక కూడా కాటమయ్య చేతులు ఊరుకోలేదు. సొంత వర్గంలో ఒకాయన మీటింగుకు ట్రాక్టరు పంపలేదు, ఆయన వీధికి తాళం. ఇంకొకాయన కాటమయ్య బామ్మర్ది పెండ్లికి రాలేదు, ఆయన వీధికీ తాళం. చివరికి ఎన్ని వీధులకు తాళాలు పడినాయో చిన్నన్నకే తెలీదు.

రాహేలు వాళ్ళు ఉండేది చర్చి వీధిలో. ఆ వీధికి తాళం పడి ఎనిమిది నెలలు. వాళ్ళమ్మ రత్నమణికి రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి. ఐనా కిలోమీటరు దూరంలో చేని బోరు దగ్గరకు పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు తప్పవు. ఆ బోరున్నాయన కూడా ఈ మధ్య మొగం మాడ్చుకుంటున్నాడు. అక్కడ కూడా కాదంటే తాగేదానికి చుక్క లేదు. నాలుగు సోమవారాలు నాలుగు అర్జీలు ఇచ్చింది రత్నమణి. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అర్జీలన్నీ రాసేది ఫకీర్ సాహెబ్. ఆఫీసు గేటు బయట చిన్న బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఆయన రాస్తే మొదటి వరుస ఎప్పుడూ ఒకటే: ‘సీమ సింహం, పేదల పెన్నిధి, మా ప్రియతమ నాయకులు శ్రీ చిన్నన్న గారి దివ్య సముఖమునకు.’ రెండో వరుసలో దండాలు. మూడో వరుసలో తాతల కాలం నుంచి మేము తమరి మనుషులమే అని ప్రమాణం. నాలుగు, ఐదు వరుసల్లో తమరు నిండు నూరేండ్లు ఉండాలని దీవెన. ‘విషయమేమనగా’ అనే మాట ఎనిమిదో వరుసకు గానీ రాదు. సంతకం, వీధి పేరు అట్టడుగున ఉంటాయి.

‘అర్జీ ఇచ్చేది ఆఫీసరుకు కదా సాహెబ్, చిన్నన్న పేరెందుకు?’ అని ఎవరన్నా అడిగితే ఆయన కండ్లద్దాలు పైకి తోసుకుని, ‘ఆఫీసరుకు బదిలీ అవుతాదప్పా’ అంటాడు. ఎలక్షన్ల ఫలితాలు వచ్చిన దినమే ఫకీర్ సాహెబ్ మొదటి వరుస మార్చేస్తాడు. తక్కిన వరుసల్లో మార్చాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

ఇట్లా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక్కొక్క అర్జీకి ఒక్క వరుసలో సారాంశం రాసి పంపాలంట! మా మండలాఫీసరు గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. ఎప్పుడు బదిలీ అవుతానా అని క్యాలెండరు చూసుకుంటూ ఉంటాడు. అరవై మూడు అర్జీల కట్ట రాహేలు బల్ల మీద పడేసి, ‘సాయంత్రానికి కావాలమ్మాయ్’ అని పోయినాడు.

పోయిన నెల నుంచి రాహేలు ఫోన్లో వీడియోలు చూసి పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటా ఉంది. అర్జీలు ఎట్లాగూ టైపు చేయాల్సిందే. సారాంశం తీసే పని కంప్యూటర్‌కు అప్పగిద్దాం అనుకుంది. అర్జీ మొత్తం ఒక కోట్ గుర్తు లోపల పెట్టి, మొదటి వరుస అయినాక ఎంటర్ కొట్టింది. అంతే, కంప్యూటర్ ఎర్రక్షరాలతో తప్పు తప్పు అని మీద పడింది! చూసినారా? ఏం చెప్పాలన్నా ఒక్క వరుసలో చెప్పి నోరు మూసుకోవాల అని దానికి పుట్టుకతోనే తెలుసు. ఎంత మంచి ఆఫీసరయ్యేదో!

రాహేలు ప్రొద్దుటూరులో ఇంటర్నెట్ సెంటర్ నడిపే జియావుల్లాకు ఫోన్ చేసింది. ‘వరుసలు ఎక్కువుంటే ముందర మూడు కోట్ గుర్తులు, వెనకాల మూడు కోట్ గుర్తులు పెట్టాల పాపా. అప్పుడు ఎన్ని వరుసలైనా సహిస్తాది’ అన్నాడాయన. పెట్టింది. మంత్రి కారుకు ముందు మూడు బండ్లు, వెనక మూడు బండ్లు ఉన్నట్టు కుదిరింది. కంప్యూటర్ కిక్కురుమనలేదు.

ఇంక అర్జీని వరుసలుగా విడగొట్టి, విషయమున్న వరుసను బయటికి తీయాల. అది ఏ వరుస? చెప్పదలచుకున్నది ముందే చెప్పాలని బడిలో టీచరమ్మ నేర్పింది కదా! అందుకని సున్నా నంబరు వరుస ఇయ్యి అని రాసింది రాహేలు. కంప్యూటర్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. వరుసలో అందరికంటే ముందు నిలబడినోడిని సున్నా అని పిలిచే ధైర్యం మా జిల్లాలో ఇంకెవరికుంది చెప్పండి?

ప్రింటు వచ్చింది. అరవై మూడు అర్జీలు, అరవై మూడు సారాంశాలు. అన్నీ సీమ సింహమే! తప్పు దిద్దుదామని రాహేలు కాగితం లాక్కునే లోపల ఆఫీసరు వచ్చి, మొదటి మూడు వరుసలు చదివి, సంతకం చేసి పంపించేసినాడు. అసలు కాగితాలు కూడా కట్ట కట్టి కడపకు తోలేసినాడు.

మరి తిట్లు పడినాయా? ఎక్కడి తిట్లు! ఈ మండలంలో జనం ఫిర్యాదులే చేయడంలేదనీ, అరవై మూడు మందికి అరవై మూడు మందీ నాయకుణ్ణి పొగడడానికే ఆఫీసుకు వచ్చినారనీ పైన తేలింది. దీన్ని ‘సమస్యలు లేని మండలం’గా ప్రకటిస్తామన్నారు. సభ పెడతామన్నారు. పార్టీ జిల్లా పెద్ద కడప నుంచి దిగి వస్తానన్నాడు. చెప్పండి, వరమా కాదా?

రాహేలుకు మాత్రం మనసు ఊరుకోలేదు. రెండు దినాలు కూర్చుని ప్రోగ్రాం మళ్ళీ రాసింది. ఖాళీ వరుసలు తీసేసి, ‘విషయమేమనగా’ అనే మాట యాడుందో వెతికి, దాని కిందున్నదంతా, సంతకంతో, వీధి పేరుతో సహా పట్టుకొచ్చేట్టు చేసింది. అది నడిచిన పొద్దు కుర్చీలోంచి లేచి నిలబడింది పిల్ల. అరవై మూడింట్లో నలభై ఒకటి నీళ్ళ తాళాల గొడవే! అందులో వాళ్ళమ్మ నాలుగో అర్జీ కూడా ఉంది.

ఆఫీసరు గదికి పరిగెత్తింది. నోరు తెరిచేలోపలే ఆయన వేలు చూపించినాడు. ‘రా అమ్మాయ్, నీకోసమే కబురు పెడదామనుకుంటున్నా. సభ రోజుకి ఈ సోమవారం అర్జీలతో కొత్త రిపోర్టు కావాలి. చిన్నన్నగారు స్టేజీ మీద స్వయంగా చదువుతారుట. ఆ ప్రోగ్రాంలో ఒక్క చుక్క కదిపావో, నీ కాంట్రాక్టు ఉండదు.’

‘సరే సార్’ అనింది రాహేలు. కాంట్రాక్టు కొలువు, ఇంకేమనాల? కొత్త ప్రోగ్రాం సంగతి గుటుక్కున మింగి బయటికి వచ్చింది.

ఇంట్లో రత్నమణి మోకాళ్ళకు నూనె రాసుకుంటా ఉంది. ‘ఏం మే, నీ కంప్యూటర్లోకి ఎక్కినా నా అర్జీకి దిక్కు లేదే? ఇంక ఇచ్చేది లేదు, ఏం లేదు’ అని విసుక్కుంది.

‘ఈసారి నేను రాస్తా మా. దండాలు లేకుండా రాస్తా.’

‘దండం పెట్టకుండా అర్జీనా? కాళ్ళిరగ్గొడతారు మే!’

‘ఎవరి కాళ్ళు? అడిగేది పైన రాస్తా, నీ పేరు కింద రాస్తా. ఆ కిందిది ఎవురూ చూడరు మా, నా మాట నమ్ము.’

సోమవారం రత్నమణి ఆ కాగితం తీసుకుపోయి ఇచ్చింది. దాని మొదటి వరుస: ‘మా వీధి నీళ్ళ వాల్వుకు తాళం వేసి ఎనిమిది నెలలయింది, దయచేసి తాళం తీయించండి.’ రాహేలు ఉన్నదున్నట్టు టైపు చేసింది. ఆఫీసరు చెప్పినట్టు ప్రోగ్రాంలో ఒక్క చుక్క కూడా కదపలేదు. రిపోర్టులో అది పదిహేడో నంబరుగా పడింది. ఆఫీసరు మొదటి మూడూ చదివి సంతకం చేసినాడు. అసలు కాగితాల కట్ట ఎప్పటిలాగే కడపకు పోయింది.

సభకు పొదుపు సంఘాల ఆడవాళ్ళంతా రావాలని హుకుం. రెండు వర్గాల జనమూ వచ్చి కూర్చున్నారు. చిన్నన్న అంటే పేరుకే చిన్న, స్టేజీ మెట్లు మూలిగినాయి. జిల్లా పెద్ద పక్కన కూర్చుని వింటా ఉంటే మైకు పట్టుకుని చదవడం మొదలుపెట్టినాడు. ఒకటో నంబరు, సీమ సింహం. చప్పట్లు! రెండో నంబరు, పేదల పెన్నిధి. చప్పట్లు! చదివేకొద్దీ గొంతు పెరుగుతా ఉంది. పదహారు దాటేటప్పటికి ఆయన కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

ఆ ఊపులోనే పదిహేడోది కూడా అంతే గట్టిగా చదివేసినాడు. అలవాటు కొద్దీ జనం దానికి కూడా చప్పట్లు కొట్టినారు!

తర్వాత ఎవరో ఆపినారు. పక్కోళ్ళు ఆపినారు. మైకు ఒక్కటే గుయ్యిమంటా ఉంది.

‘ఏ వీధి చిన్నన్నా అది?’ అన్నాడు జిల్లా పెద్ద.

చిన్నన్న కాగితం తిరగేసినాడు. వెనక ఏమీ లేదు. ఆఫీసరు వైపు చూసినాడు. ఆఫీసరు రాహేలు వైపు చూసినాడు. రాహేలు తల వంచుకుని స్టేజీ కింద వైర్లు సరిచేస్తా ఉంది.

ముందు వరుసలోంచి గౌస్ మొహిద్దీన్ లేచినాడు. ట్రాక్టరు పంపనిది ఆయనే, చిన్నన్న వర్గం మనిషే. ‘మా వీధేనన్నా! నేను రాయకపోయినా నా బాధ తెలుసుకున్నావు, శానా సంతోషం!’

‘అయ్యో, అది మా వీధి!’ అని వెనకనుంచి పార్వతమ్మ లేచింది. ఆమె సుబ్బన్న వర్గం. ఇంకొకరు లేచినారు. ఇంకొకరు. చూస్తాండగానే పదకొండు వీధులు నిలబడినాయి. అందులో నాలుగు చిన్నన్న సొంత వర్గం వీధులు! కాటమయ్య మొలకున్న గుత్తిని తువ్వాలతో కప్పుకోబోతే అది గలగలమనింది. రత్నమణి మాత్రం లేవలేదు. మోకాళ్ళ నొప్పి కదా పాపం.

ఏం చేస్తాడు చిన్నన్న? పేరుంటే మనిషిని పిలిపించేవాడు. వీధి పేరుంటే మనోళ్ళా, వాళ్ళా అని చూసేవాడు. ఏదీ లేకపాయె. జిల్లా పెద్ద కండ్ల ముందర ఒక్కటే దారి మిగిలింది. ‘రేయ్ కాటమయ్యా! అన్ని తాళాలూ తీయ్‌రా!’ అని మైకులోనే అరిచినాడు.

ఆ సాయంత్రం పదకొండు వీధుల్లో నీళ్ళు వచ్చినాయి. అడిగినోడు ఎవడో తెలీలేదు కాబట్టి వచ్చినాయి! తెలిసుంటే వచ్చేవా? ముప్పై ఏండ్లుగా మా దగ్గర అర్జీలు చదివేవాళ్ళు ముందు అట్టడుగున పేరు చూస్తారు, వీధి చూస్తారు, వర్గం చూస్తారు. ఆ తర్వాత దప్పిక సంగతి చదవాలో వద్దో తేల్చుకుంటారు. ఆ మూడూ కనపడకుండా చేసిన మగాడు గానీ ఆడది గానీ ఇంతవరకూ పుట్టలేదు. నేర్చీ నేర్వని ఒక ప్రోగ్రాం ఆ పని చేసింది.

మర్నాడు పది గంటలకు ఆఫీసరు రాహేలును పిలిచినాడు. పక్కన కాటమయ్య కూర్చుని ఉన్నాడు. మొల దగ్గర చప్పుడు లేదు.

‘రిపోర్టులో కింది వరుసలు కూడా రావాలటమ్మాయ్. పేరు, వీధి, అన్నీ. చిన్నన్నగారు గట్టిగా చెప్పారు. ఎన్నాళ్ళు పడుతుంది?’

రాహేలు వేళ్ళు మడిచి లెక్కేసినట్టు చేసింది. ‘ఒక్క వరుసయితే చేయొచ్చు సార్. వరుసలెక్కువయితే శానా కష్టం. నేనింకా నేర్చుకుంటా ఉండా కదా. వచ్చే ఎలక్షన్ల దాకా పడుతుంది.’

‘ఎలక్షన్లయినాక వస్తాదా?’ అన్నాడు కాటమయ్య.

‘అప్పుడు తాళంచెవులు సుబ్బన్నోళ్ళకు పోతాయేమో కదా మామా. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల.’