మనస్సాక్షి బిల్లుకు ఒక చిన్న సవరణ

"దేవుడికీ బిడ్డకీ మధ్య సూది దూరడానికి వీల్లేదు!"

సెనేటర్ హార్లన్ స్టిడమ్ ఇలా ప్రకటించగానే బొగ్గుగనుల కొండల్లోని ఆ చిన్న చర్చి చప్పట్లతో దద్దరిల్లింది. పాస్టర్ ఓడెల్ టాకెట్ కూడా కొట్టాడు. కొట్టాక, దేనికి కొట్టానా అని ఆలోచనలో పడ్డాడు.

సంగతేమిటంటే, ఆ రాష్ట్రంలో టీకాలు వేయించని పిల్లల్ని బడిలో చేర్చుకోరు. మా విశ్వాసం ఒప్పుకోదని ఒక్క మాటంటే చాలు, చేర్చుకోవాల్సిందేనని స్టిడమ్ గారు బిల్లు పెట్టారు. దాని పేరు మనస్సాక్షి బిల్లు. ఎన్నికలు దగ్గర పడేకొద్దీ ఆయన మనస్సాక్షి బాగా ఒళ్లు చేసింది.

ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, మొక్కజొన్న రొట్టె నములుతూ సెనేటర్ పాస్టర్ భుజం మీద చెయ్యేశాడు.

"బుధవారం మీరు రాజధానికొచ్చి కమిటీ ముందు మాట్లాడాలి అయ్యగారూ! టీకా మన విశ్వాసానికి విరుద్ధమని ఒక్క ముక్క చెప్పండి."

"ఆ ముక్క మన విశ్వాసంలో ఎక్కడుందండీ? మా అమ్మ నన్ను చెవి పట్టుకుని లాక్కెళ్లి మరీ టీకాలేయించింది. ఆవిడ సండేస్కూల్ టీచరమ్మ!"

"ముందు చట్టం రానివ్వండి, విశ్వాసం దాని వెనకాలే వస్తుంది. టీవీ వాళ్లొస్తారు. గవర్నర్ గారు మీతో చెయ్యి కలుపుతారు."

టీవీలో తన బట్టతల ఎలా కనిపిస్తుందోనని పాస్టర్‌కి బెంగ పట్టుకుంది. విశ్వాసం గురించిన బెంగ కాస్త పక్కకి జరిగింది.

గుమ్మం దగ్గర ఆ చర్చికే వచ్చే డ్రీమా ఆయన్ని ఆపింది. ఆమె కూతురు లాటీకి రక్త కేన్సర్ వైద్యం జరుగుతోంది. టీకాలు వేయకూడని ఒళ్లని డాక్టరు రాసిచ్చాడు కాబట్టి ఆ పిల్లకి బడిలో మినహాయింపు ఉంది. చుట్టూ ఉన్న పిల్లలు వేయించుకుంటేనే ఆ పిల్ల బడి మొహం చూసేది.

"తట్టు సోకితే నా పిల్ల తట్టుకోలేదు అయ్యగారూ. మా తరఫున మాట్లాడతారుగా?"

"ప్రార్థన చేస్తానమ్మా," అన్నాడాయన ఎటో చూస్తూ. మాట తప్పించడానికి పాస్టర్లకి ఇంతకన్నా పవిత్రమైన మాట లేదు!

మంగళవారం ప్రయాణం. ఒంటరి మనిషి, ముసలి వేటకుక్క జూబల్‌ని ఎక్కడ వదలాలి? సెనేటర్ గారికే కుక్కల వసతిశాల ఉంది. పాస్టర్ జూబల్‌ని కారెక్కించుకుని అక్కడికి వెళ్లాడు. గేటు దగ్గర సెనేటరే ఎదురొచ్చాడు.

"టీకాలు వేయించారా?"

"ఈ ఏడు వీలు కాలేదండీ."

"అయితే లోపలికి రాదు."

సరదాకంటున్నాడనుకుని పాస్టర్ నవ్వాడు. "దీనికి మనస్సాక్షి అడ్డొచ్చిందనుకోండి."

"వేళాకోళం కాదు అయ్యగారూ! ఒక్క కుక్క రోగంతో వస్తే లోపలున్నవన్నీ పడకేస్తాయి. టీకా వేసే వయసే రాని కూనలున్నాయి, వాటి గతేం కాను? ఇక్కడ ఎవరి ఇష్టాయిష్టాలూ చెల్లవు!"

గేటు మూసుకుంది. ఇంటికెళ్లే దారి పొడవునా ఆ కూనలు పాస్టర్‌ని వదల్లేదు. ఎటో చూస్తూ డ్రీమాతో తనన్న మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

జూబల్‌ని పక్కింటివాళ్లకి అప్పగించి బయల్దేరాడు. బుధవారం కమిటీ ముందు నిలబడేసరికి కెమెరాల సంగతే మర్చిపోయాడు.

"ఈ విషయంలో నా కళ్లు తెరిపించింది స్టిడమ్ గారే," అన్నాడు. సెనేటర్ మురిసిపోతూ తలూపాడు. పాస్టర్ గేటు దగ్గరి మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. "అలాంటి కూన మా చర్చిలో ఒకటుంది. పేరు లాటీ. దాని గతేం కాను?"

ఎవరో కిసుక్కుమన్నారు. సెనేటర్ లేచి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాస్టర్ గారి మాటలు నన్ను కదిలించాయి. పొరపాటు జరిగిపోయింది. బిల్లుని తక్షణం సవరిద్దాం!"

తనూ రాజధానికొచ్చి వెనక వరుసలో కూర్చున్న డ్రీమా లేచి నిలబడింది. పాస్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కమిటీ అధ్యక్షుడు సవరణ చదివాడు: "ఈ చట్టం కుక్కల వసతిశాలలకు వర్తించదు."

సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది. దాని వెనకాలే బిల్లూ నెగ్గింది.

బయట మెట్ల మీద గవర్నర్ చెయ్యి చాపాడు. పాస్టర్ చేతులు జేబుల్లోంచి రాలేదు. డ్రీమా పక్కకొచ్చి నిలబడింది. ఈసారి ఆయన ఎటూ చూడలేకపోయాడు.

"సెనేటర్ గారి కుక్కలశాలలో ఒక చోటుందేమో కనుక్కోండి అయ్యగారూ," అందామె. "మా లాటీని అక్కడ చేర్పిస్తాను."