అరువుకు వెళ్లిన లేబులమ్మ

మ్యూజియంలోకి ఒకసారి అడుగుపెట్టిన దేనికైనా ఇక చావు లేదు, పదోన్నతీ లేదు. మానవజాతి ఇంతకాలం కష్టపడి కనిపెట్టిన వ్యవస్థలన్నింటిలోనూ ఇంతటి నిలకడ మరోదానికి లేదని ఆ మ్యూజియం డైరెక్టరుగారి నమ్మకం. నమ్మకమే కాదు, గర్వం కూడా.

అక్కడ వస్తువులకు నిబంధనలున్నాయి, మనుషులకు లేవు. సిబ్బంది నియమావళి ముసాయిదా ఒకటి ఎప్పుడో తయారైంది గానీ, దానిమీద ‘పరిశీలించవలెను’ అని రాసిన అధికారి పరిశీలించకుండానే రిటైరయ్యాడు. (ఆ ముసాయిదాను తర్వాత అరుదైన రాతప్రతిగా గుర్తించి అద్దాలపెట్టెలో పెట్టారు. కాబట్టి ఇప్పుడు దాన్ని ఎవరూ తెరవకూడదు.) అప్పటినుంచీ సిబ్బంది వ్యవహారాలన్నీ వస్తువుల నిబంధనల కిందే నడుస్తున్నాయి. సెలవు పెడితే ‘ప్రదర్శన నుంచి తాత్కాలిక ఉపసంహరణ’. జ్వరమొస్తే ‘క్షీణత’. పెళ్లి చేసుకున్న గుమస్తా ఒకాయన ‘జత వస్తువు’గా రికార్డుల్లోకి ఎక్కాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా బండి నడిచిపోతోంది.

ఇబ్బంది వచ్చిపడిందల్లా లేబులమ్మకే.

ఇంటిసామాన్ల గ్యాలరీలో దువ్వెనలు, తాళాలు, గిన్నెలు, ఇస్త్రీపెట్టెలు ఉంటాయి. వాటికింద పెట్టే లేబుళ్లన్నీ ఆవిడే రాస్తుంది కాబట్టి అందరికీ ఆవిడ లేబులమ్మ. రాయడమొక్కటే కాదు, దుమ్ము దులిపేదీ ఆవిడే, బడిపిల్లలకు విడమరిచి చెప్పేదీ ఆవిడే, కొత్తగా వచ్చిన వస్తువు ఏ కాలానిదో తేల్చేదీ ఆవిడే. ఒక్కమాటలో క్యూరేటరు చేయాల్సిన పనంతా ఆవిడ నెత్తినే. క్యూరేటరు కుర్చీ మాత్రం ఏళ్ల తరబడి ఖాళీ. ఆవిడ ఉద్యోగమేమో తాత్కాలికం. ఏటేటా పొడిగింపు కాగితం చేతికందేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేది. ఆ కుర్చీలో కూర్చుంటే పర్మనెంటు. కూర్చోవాలంటే వస్తు సంస్కృతిలో డాక్టరేట్ ఉండాలి. సరే, అదేదో సంపాదించి తీరాలని కంకణం కట్టుకుంది.

చిల్లులు పడ్డ గిన్నెలకు జనం మాట్లు ఎందుకు వేయించుకున్నారు, పారేసి కొత్తవి ఎందుకు కొనుక్కోలేదు అన్నది ఆవిడ పరిశోధన అంశం. మూడు యూనివర్సిటీలు రమ్మన్నాయి. మొదటిదాంట్లో ఒక పెద్ద ప్రొఫెసరమ్మ ఉంది. జీవితమంతా మాట్లు వేసిన గిన్నెలతోనే గడిపిన మనిషి. ‘నేను రిటైరయ్యేలోగా వీటిని పట్టించుకునే విద్యార్థి ఒక్కరైనా వస్తారా అని ఎదురుచూస్తున్నాను, వచ్చెయ్యి’ అని స్వయంగా ఉత్తరం రాసింది. రెండోది మహా పేరున్నది. అక్కడ వస్తువులు లేకుండానే వస్తు సంస్కృతి నేర్పుతారు. వస్తువు ఎదురుగా ఉంటే ఆలోచన చెడిపోతుందని వాళ్ల సిద్ధాంతం. మూడోది కొత్తది. అద్దాల భవనం, గదిగదికీ ఏసీ. పరిశోధన చేయించే గైడు ఒక్కడే లేడు, త్వరలో వేస్తారు.

ఎక్కడికెళ్లాలో లేబులమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. ప్రొఫెసరమ్మ ఉత్తరాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగింది. చేసిన పొరపాటల్లా సెలవు అడగడం.

వస్తువుల రాకపోకలు చూసే రిజిస్ట్రారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“చదువు సెలవా? అలాంటిది మన రూల్సులో లేదమ్మా. వస్తువు చదువుకోదు కదా.”

“మరి నేను వెళ్లేదెలా సార్?”

“అరువు మీద వెళ్లు. వేరే సంస్థకి వస్తువుని అరువివ్వడానికి బంగారంలాంటి రూలుంది. గడువు తీరాక, వెళ్లినదానివి వెళ్లినట్టు తిరిగొస్తే చాలు. నీ చోటు నీదే.”

“నేను మనిషిని సార్!”

“ఆ మాట కమిటీ ముందు అనకు తల్లీ. కేసు చిక్కుల్లో పడుతుంది.”

మర్నాడు టార్చిలైటు పట్టుకొచ్చి ఆవిడ స్థితి నివేదిక తయారుచేశాడు. ‘ఎడమ మోచేతి దగ్గర పాత మచ్చ. నడుము దగ్గర స్వల్పంగా వంపు. పైభాగంలో అక్కడక్కడా రంగు వెలిసిన పోగులు. రెండు పళ్లకు పూర్వపు మరమ్మతు.’ వస్తువు నంబరును ఒంటిమీద కనిపించని చోట చెరగని సిరాతో వేయాలన్నాడు. చెప్పు అడుగున వేయించుకుని ఆవిడ ఎలాగో గట్టెక్కింది.

అరువు కమిటీ మూడు యూనివర్సిటీలకూ ప్రశ్నలు పంపింది. గదిలో వేడి ఎంత, తేమ ఎంత, వెలుతురు ఎంత, పురుగూ పుట్రా ఉన్నాయా. (చదువు ఎలా చెబుతారన్న ప్రశ్న లేదు. అది నిల్వకు సంబంధించిన విషయం కాదు.) ప్రొఫెసరమ్మ ఉన్నదున్నట్టు రాసింది. తన గదికి రెండు కిటికీలున్నాయనీ, సాయంత్రాలు తెరుస్తుందనీ, విద్యార్థులతో టీ తాగుతుందనీ, పుస్తకాల్లో పురుగులు ఉండకపోతే ఆశ్చర్యమేననీ. కమిటీ సభ్యుల ఒళ్లు జలదరించింది. టీ అన్న మాట దగ్గర డైరెక్టరుగారు చేతులతో మొహం కప్పుకున్నారు. పేరున్న యూనివర్సిటీ గతంలో తీసుకెళ్లిన దీపపు కుందెకు బదులుగా దానిమీద ఒక వ్యాసం తిప్పి పంపింది కాబట్టి దాన్ని చర్చకే తీసుకోలేదు. మూడోదాని ఉష్ణోగ్రతల పట్టిక చూసి మాత్రం అందరూ మురిసిపోయారు.

“అక్కడ నాకు చదువు చెప్పేవాళ్లే లేరు సార్,” అంది లేబులమ్మ.

“గదే సరిగ్గా లేనప్పుడు ఎంత గొప్ప మనిషి ఉంటే మాత్రం ఏం లాభమమ్మా?” అన్నారు డైరెక్టరుగారు జాలిగా.

ఇంటికొచ్చి చెబితే, బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేసే అక్క ఒంటికాలిమీద లేచింది.

“రాజీనామా వాళ్ల మొహాన కొట్టి రావే! వెళ్లి ఆవిడ దగ్గరే చదువుకో.”

“రాజీనామా అంటే సేకరణ నుంచి తొలగించినట్టే అక్కా. ఒకసారి తీసేసినదాన్ని మళ్లీ తీసుకోరు.”

“పోతే పీడా పోయింది! ఇంకెక్కడా ఉద్యోగాలే లేవా?”

“ఉంటాయి. కానీ నా గిన్నెలన్నీ ఇక్కడున్నాయి కదే.”

అక్క ముందు ఏడవకూడదనే అనుకుంది గానీ, లేబులమ్మ ఏడ్చేసింది.

ఆ విధంగా ఏసీ ప్రాతిపదికన డాక్టరేట్ ఎంపిక పూర్తయింది. అద్దాల భవనంలో ఆవిడను నిబంధనల ప్రకారమే ఉంచారు. ఎండ తగలనివ్వలేదు. వెలుతురు మసకగానే ఉంచారు. పొద్దునా సాయంత్రం సెక్యూరిటీ వచ్చి గది ఉష్ణోగ్రత రాసుకునేవాడు, ఆవిడ స్వెట్టర్ వేసుకుని, పళ్లు టకటకలాడుతుంటే అధ్యాయాలు రాసుకునేది. గైడు పోస్టుకు ఎవరూ రాలేదు. కొన్నాళ్లకు, గైడు లేకపోయినా పని ఆగడం లేదు కాబట్టి పోస్టే అనవసరమని రద్దు చేశారు. రాసిన ప్రతి అధ్యాయాన్నీ ఆవిడ చాటుగా ప్రొఫెసరమ్మకు పోస్టు చేసేది. అంచుల నిండా పెన్సిలు రాతలతో అది తిరిగొచ్చేది. ఒక అధ్యాయం మీద టీ మరక కూడా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా లేబులమ్మకు కడుపు నిండినట్టుండేది. చివరికి డాక్టరేట్ వచ్చింది. ప్రొఫెసరమ్మ రిటైరైంది. ఆవిడ ఆఖరి విద్యార్థి ఎవరని వెతికితే యూనివర్సిటీ లెక్కల్లో ఎవరూ లేరు.

లేబులమ్మ కొత్త చీర కట్టుకుని మ్యూజియానికి వచ్చింది. రిజిస్ట్రారు పాత నివేదిక, టార్చిలైటు తీశాడు. మచ్చ సరిపోయింది. వంపు కాస్త పెరిగింది, అది సహజం. పళ్లు భద్రం. కాగితాల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

“పేరు ముందు ఇదేంటమ్మా?”

“డాక్టర్ సార్. డాక్టరేట్ వచ్చింది.”

“వెళ్లేటప్పుడు లేదే.”

“దానికోసమే కదా వెళ్లింది!”

‘అరువు తీసుకున్న చోట అదనపు భాగం అతికించారు’ అని రాసుకున్నాడు. రూపం మారిన వస్తువును ప్రదర్శనలో ఉంచకూడదు. అది అసలుదేనని క్యూరేటరు తేల్చేదాకా స్టోరుకు తరలించాలి. క్యూరేటరును వేసేదాకా ఆ విషయం తేలదు.

ఇన్నేళ్లలో ఎన్నడూ గొంతు పెంచని లేబులమ్మ ఆరోజు డైరెక్టరుగారి బల్ల మీద చెయ్యి చరిచింది.

“మీరు చదవమన్న చదువే చదివాను. మీరు పంపిన చోటికే వెళ్లాను. ఆ కుర్చీ కోసం గడ్డకట్టుకుపోయాను సార్! ఇప్పుడు నన్ను స్టోర్లో పడేస్తారా?”

డైరెక్టరుగారు నిజంగానే కదిలిపోయారు. స్వయంగా గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చారు.

“బాధపడకమ్మా. ఇకమీదట ఏటేటా ఆ పొడిగింపు కాగితం కోసం కూడా నువ్వు ఎదురుచూడక్కర్లేదు. స్టోర్లోకి వెళ్లినవన్నీ మనకి పర్మనెంటే.”