పొడిలోంచి వచ్చిన వేలు

మంగళవారం పొద్దున మేస్త్రి పెట్టుకున్న పని చిన్నదే. పెట్టె తెరవాలి, పొడి దులపాలి, ముక్క తీసి, పని నేర్పడానికొచ్చిన ట్రైనరమ్మకు చూపించాలి. పంపుల విడిభాగాలు చేసే ఆ కర్మాగారానికి త్రీడీ ప్రింటరు వచ్చి వారమే అయింది. తెల్లటి పొడిని పొరలు పొరలుగా అతికించి, తెల్లారేసరికి వస్తువు చేసి పెడుతుంది. శుక్రవారం పరీక్ష నెగ్గితే మేస్త్రి దాని మీద ఉంటాడు. లేదంటే ఇరవై తొమ్మిదేళ్ల అనుభవాన్నీ చంకన పెట్టుకుని గోడౌనులో అట్టపెట్టెలకు టేపు అంటించుకుంటాడు.

సోమవారం పాఠం, ఏదైనా స్కాన్ చేసి అలాంటిదే ఒకటి ప్రింటు తీయడం. మిగతా పనివాళ్లందరూ బోల్టులూ మూతలూ పెట్టారు. మేస్త్రి తన ఎడమ చెయ్యి పెట్టాడు. ఆ చేతి ఉంగరపు వేలు సగమే. మిగతా సగం ఇరవై ఏళ్ల కిందట లేతు మిషను తీసుకుంది.

బ్రష్షుతో దులుపుతుంటే పొడిలోంచి ఒక్కో వేలి కొసా తేలింది. తన చెయ్యే. అరచేతి మడతలతో సహా. ఇంకా గోరువెచ్చగా ఉంది. ఉంగరపు వేలు నిండుగా ఉంది.

మేస్త్రి దాన్ని చొక్కా కింద దాచేసి ప్రింటరు కంపెనీ సపోర్టుకు ఫోన్ చేశాడు.

"సార్, వేలు ఎక్కువొచ్చింది."

"ఎన్నున్నాయండీ?"

"ఐదు."

"మరి ఎన్నుండాలి?"

"నాలుగున్నర."

"ఇక్కణ్నుంచే రెండు మళ్లీ వేస్తున్నాను, చూడండి" అంది అవతలి గొంతు.

ఆ కర్మాగారంలో ఒక రూలుంది. తేడా వచ్చిన ప్రతి ముక్కకూ మరో రెండు తీసి పక్కన పెట్టి పోల్చాలి. లేతుల కాలం నుంచీ అంతే. ఆ ప్రకారం మేస్త్రి కూడా ఓ రెండు వేశాడు. బుధవారం పొద్దున నాలుగు చేతులు. నాలుగింటికీ నిండు వేళ్లే.

సాయంత్రం ఒకటి ఇంటికి తెచ్చాడు.

"ఇరవై ఏళ్లకి తిరిగొచ్చి ఏం చేస్తుందట? చొక్కా గుండీలు పెడుతుందా?" అంది భార్య. తర్వాత దాన్ని చాలాసేపు చూసి, గోడవైపు తిప్పి అలమరలో పెట్టింది.

నాలుగుకు రెట్టింపు, గురువారం ఎనిమిది. మేస్త్రి వాటిని పనిముట్ల బీరువాలో కుక్కాడు. టేపు కోసం వచ్చిన ప్యాకింగ్ అమ్మాయి తలుపు తీయగానే చేతులన్నీ ఆమె కాళ్ల మీద పడ్డాయి. ఆ కేకకు ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటయ్యా ఇవి?"

"తేడా ముక్కలండీ."

"అయితే రూలు రూలే. పదహారు వెయ్యి."

మధ్యాహ్నానికి ఆ గది వైపు వెళ్లేవాళ్లు లేరు. ఆ చేతులు ఎవరినో వెతుక్కుంటున్నాయని ప్యాకింగులో తేల్చేశారు. ఎవరినో మేస్త్రికి తెలుసు. అతను తన ఎడమ చెయ్యి జేబులోంచి తీయలేదు.

శుక్రవారం అందరి ముందూ పెట్టె తెరిచారు. తెల్లటి పొడిలోంచి పదహారు చేతులు, రమ్మన్నట్టు. మేస్త్రికి గోడౌను కళ్ల ముందు కనబడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

ట్రైనరమ్మ ప్రింటరు తెర చూసి నవ్వు ఆపుకుంది. "'లోపాలు సరిచేయి' అన్న గడిలో టిక్కు ఉంది మేస్త్రిగారూ. ఏదైనా సగంలో ఆగితే, పక్కదాన్ని చూసి అదే పూర్తి చేసేస్తుంది. మీ వేలు దానికి లోపంలా కనబడింది."

తర్వాత పరీక్ష పెట్టింది. "ఆ టిక్కు ఎప్పుడు పెట్టకూడదు?"

బోల్టుల వాళ్లూ మూతల వాళ్లూ నేల చూపులు చూశారు. మేస్త్రి తన ఎడమ చెయ్యి పైకెత్తాడంతే. నెగ్గింది అతనొక్కడే.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే భార్య నవ్వలేదు. అలమరలోంచి చెయ్యి తీసుకొచ్చింది.

"పక్కదాన్ని చూసి చేసిందన్నారుగా. పక్క వేళ్లన్నీ నిటారుగా ఉన్నాయి. మరి ఇది చిటికెన వేలు వైపు వంగిందేం?"

తెగక ముందు ఆ వేలు అలాగే వంగి ఉండేది. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడు ఇద్దరే.

మేస్త్రి సపోర్టుకు ఫోన్ చేసి, వేలు మునుపటిలాగే వంగి వచ్చిందని చెప్పాడు. ముక్క అసలుకు సరిగ్గా సరిపోయిందని రాసుకుని, వాళ్లు ఫిర్యాదు మూసేశారు.