దిగులు వంతు

ఉరయామా పట్టణంలో దిగులన్నదే లేదనీ, ఆ సంగతి శాస్త్రీయంగా నిరూపించబోతున్నామనీ వృద్ధుల గౌరవ దినోత్సవం నాడు మేయరు ఒనిజుకా మైకు ముందు ప్రకటించారు. జపానులో ఇంతటి సాహసం మరే మేయరూ చేయలేదు.

విశ్వవిద్యాలయం వారి పదిహేను ప్రశ్నల డిప్రెషన్ పత్రాన్ని ముసలివాళ్ళ మీద పరీక్షించే మహత్కార్యం సంక్షేమ అధికారి మినోబేకి దక్కింది. నెగ్గితే ప్రమోషను. లేదంటే రోజుకొక్క పడవ వెళ్ళే దీవికి బదిలీ.

మూడు వందల మంది పత్రాలు నింపారు. మూడు వందలకీ దిగులు మార్కులు సున్నా. ఆఫీసువాళ్ళు అడిగితే "మీ దయవల్ల బాగున్నాం" అనడం అక్కడి మర్యాద.

మేయరు పొంగిపోయారు. పత్రం తయారుచేసిన ప్రొఫెసరు కిర్యూ పెదవి విరిచాడు.

"దిగులున్నవాళ్ళే లేకపోతే ఈ పత్రం దిగులును పట్టుకుంటుందో లేదో ఎలా తెలుస్తుందండీ? ఇరవై మందిని చూపించండి. లేదా పరీక్ష రద్దు."

మినోబే కళ్ళముందు దీవి కదిలింది. పరుగున వెళ్ళి వాడవాడల సంఘం పెద్ద త్సురుమి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఎనభై నాలుగేళ్ళ త్సురుమి కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.

"దీనికింత కంగారెందుకు నాయనా? చెత్త సంచుల్ని కాకులు చింపకుండా వల కప్పే పని ఎలా నడుస్తోంది? వంతులవారీగా. ఇదీ అంతే."

ఆ సాయంత్రమే నోటీసు అట్ట ఇంటింటికీ తిరిగింది. 'అక్టోబరు దిగులు వంతు: మూడో వీధి.' అందరూ చూసినట్టు ముద్ర వేశారు. మూడో వీధివాళ్ళు ఇరవై మందీ అయిదు నిమిషాలు ముందే వచ్చి, వరుసగా కూర్చుని నిట్టూర్చారు. నడుం పట్టేసిన ఒకాయన తన బదులు పొరుగాయన్ని పంపించి, దిగులుపడినందుకు ఆయనకి బియ్యపు అప్పాల డబ్బా ఇచ్చుకున్నాడు. ఇరవై మందికీ పదిహేనుకి పదిహేను. కిర్యూ ఆనందానికి అంతులేదు.

పత్రం నిలకడ తేల్చడానికి రెండు వారాల తర్వాత, నవంబరులో ఆ ఇరవై మందినీ మళ్ళీ అవే ప్రశ్నలు అడిగారు. అప్పటికి వంతు నాలుగో వీధికి వెళ్ళిపోయింది. ఇరవై మందికీ సున్నా.

కిర్యూ తల పట్టుకున్నాడు. మేయరు మైకు పట్టుకున్నారు. రెండు వారాల్లో ఇరవై మందికి సంపూర్ణ ఆరోగ్యం! పక్క ఊళ్ళ అధికారులు బస్సుల్లో చూడ్డానికి వచ్చారు. మినోబేకి ప్రమోషను ఆర్డరు అందింది.

అతను బల్ల సర్దుకుంటుంటే కౌంటరు దగ్గరికి ఫుసా అనే ముసలావిడ వచ్చింది. వసంతంలో భర్త పోయాడు. కోటు గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకుని ఉంది. ఆవిడ పత్రంలోనూ సున్నాయే.

"పనిలో ఉన్నట్టున్నారు, క్షమించాలి. మా తొమ్మిదో వీధి వంతు ఎప్పుడండీ?"

మినోబే జాబితా చూశాడు. "ఏప్రిల్లో, బామ్మగారూ."

ఆవిడ వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకుని, నడుం వంచి నమస్కరించింది.

"అలాగేనండీ. అప్పటిదాకా ఆపుకుంటాను."