మా బావకి తెలియకూడని ఎంజైమ్

జబ్బు మనిషికి తన జబ్బేమిటో తెలియకపోవడాన్ని మించిన వైద్యం లేదు! నమ్మకపోతే మా బావ సంగతి వినండి.

మా అక్క మొగుడు డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. స్టీరింగ్ కొత్తగా పట్టుకున్నవాళ్ళు లారీలకి ఎదురెళ్తుంటే పక్క సీట్లో నిబ్బరంగా కూర్చునే గుండె ఆయనది. అలాంటి మనిషి ప్రోస్టేట్ క్యాన్సర్ అన్న మాట వింటే తట్టుకోలేడని మేమంతా తీర్మానించాం. చిన్న వాపని చెప్పాం. అబద్ధమంటారా? కాదండీ, క్లుప్తత!

కారు ఎవరికైనా అడ్డంగా ఉందేమో చూసి రమ్మని ఆయన్ని కిందికి పంపాక, డాక్టరమ్మ మాకు వివరించింది. ఈ క్యాన్సర్ మగ హార్మోన్‌తో పెరుగుతుందట. ఇంజెక్షన్లతో వృషణాల్లో దాని తయారీ ఆపినా, కణితి తనకి కావలసింది తానే తయారుచేసుకుంటోందట. అందుకు ఒక ఎంజైమ్ కావాలి. కొత్త మాత్ర ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. రోజూ పరగడుపున వేసుకోవాలి, మానకూడదు.

ఎంత బాగా అర్థమైందో! వారం తిరిగేసరికి ఆ ఎంజైమ్ సంగతి మా పిన్నికీ, అక్క తోటికోడలికీ, వాళ్ళ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మెకానిక్‌కీ తెలిసిపోయింది. అక్క మాత్రల సీసా మీది లేబుల్ గోటితో గీకేసి, విటమిన్ అని బావ చేతిలో పెట్టింది. ఇంజెక్షన్లకి ఆయన ఒళ్ళు ఆవిర్లెత్తిపోతుంటే అందరం కలిసి ఎండల్ని తిట్టాం. మా ఇంట్లో పెళ్ళిళ్ళకి కూడా ఇంత ఐకమత్యం ఎరగం!

తర్వాతి రక్తపరీక్షలో పీఎస్ఏ, అంటే ఈ క్యాన్సర్ జోరు చూపించే అంకె, బాగా పెరిగింది. మందు పనిచేయకపోతే కీమో తప్పదేమో అంది డాక్టరమ్మ. అక్క కళ్ళొత్తుకుంది. డాక్టరమ్మకేం తోచిందో, బావని లోపలికి పిలిచి మాత్ర వేసుకుంటున్నారా అని సూటిగా అడిగింది.

"మానేశానండి. అది వేసుకుంటే కాళ్ళు వాస్తున్నాయి. విటమిన్ కోసం ఇంత అవస్థ ఎందుకులే అని..."

డాక్టరమ్మ మావైపు ఒకసారి చూసింది. తర్వాత కాగితం తీసుకుని బొమ్మ గీసి, మొదటినుంచీ ఆయనకే చెప్పింది, క్యాన్సర్ అన్న మాటతో సహా. మా బావ కూలిపోలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, కాగితం తనవైపు తిప్పుకున్నాడు.

"అంటే నేను మానేసినన్నాళ్ళూ ఆ ఎంజైమ్ దాని పని అది చేసుకుపోయిందన్నమాట. మళ్ళీ మొదలుపెడితే లొంగుతుందా?"

లొంగుతుందనే తన ఆశ అని, కానీ మాట ఇవ్వలేనని ఆవిడ చెప్పింది. ఆయన తలూపి, మా అక్కకేసి తిరిగాడు.

"మీరు కాసేపు బయట కూర్చోండి. నేను డాక్టరుగారితో మాట్లాడాలి."

తలుపు మూసుకుంది. ఆయన జబ్బు గురించి ఆయనకి అన్నీ తెలిసిపోతున్నాయి, వరండాలో మాకు ఒక్క ముక్క వినపడటం లేదు. ఇదెక్కడి అన్యాయమండీ? ఇంట్లోవాళ్ళకి తెలుసుకునే హక్కు లేదా?