మార్తమ్మగారి ఒకటిన్నర గంట

ఆ ఆదివారానికి రూబెన్ వేసుకున్న పథకం చాలా తేలికైనది. పదింటికి చర్చిలో ఏడాది నివేదిక ఇవ్వాలి. ఒంటిగంటకు ప్రేమవిందులో మార్తమ్మగారి కొరమీను పులుసు తినాలి. రెండింటికి ఆవిడ నోటితోనే "మా జ్యోత్స్నని నీకిస్తున్నామయ్యా" అనే మాట వినాలి. ఆవిడ కూతురితో ఆరు నెలలుగా నానుతున్న సంబంధాన్ని ఆ రోజు తేలుస్తానని ఆవిడే కబురు పెట్టారు.

రూబెన్ ఏలూరులో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. కొల్లేటికోట దారిలో ఉన్న ఆ చిన్న చర్చికి కార్యదర్శి కూడా. అక్కడ నెలనెలా గొలుసు ప్రార్థన జరుగుతుంది. ఒకరు లేస్తే ఇంకొకరు మోకరిస్తారు. ఎవరెంతసేపు చేశారో రూబెన్ స్ప్రెడ్‌షీటులో ఎక్కిస్తాడు. కాలాన్ని కాలమ్‌లో నిలబెట్టి, గడియల్ని గడుల్లో కూర్చోబెట్టిన మొనగాడని అతనికి పేరు. మార్తమ్మగారి పేరు పక్కన 36:00 అని ఉంది. సంఘంలో అంతకు మించినవారు లేరు.

తొమ్మిదిన్నరకు పాస్టరు శామ్యూల్ అయ్యగారు ఆ కాగితం చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏం బాబూ, మధ్యలో ఈ రెండేసి చుక్కలేంటి? వాక్యమైతే అధ్యాయం, వచనం అని చదివేస్తాను. ప్రార్థనకి వచనాలుండవు కదా. మామూలు అంకెలు పెట్టు."

"ఎంతసేపండీ, ఒక్క నొక్కుడు," అంటూ రూబెన్ ఆ కాలమ్‌ను మామూలు అంకెల్లోకి మార్చి, చూడకుండానే ప్రింటు తీసి ఇచ్చాడు. కంప్యూటరు లెక్కలో ఒక రోజంటే ఒకటి. ముప్పై ఆరు గంటలంటే ఒకటిన్నర రోజు. అది చప్పుడు లేకుండా 36:00ను 1.5 చేసింది.

"మార్తమ్మగారు," అయ్యగారు మైకులో చదివారు, "ఏడాది మొత్తం మీద ఒకటిన్నర గంట."

పక్కనే కూర్చున్న మణెమ్మ ఆవిడ వైపు వంగింది. "ఒకటిన్నరా వదినా? నువ్వు కళ్లు మూసుకున్నప్పుడల్లా ప్రార్థనే అనుకున్నాను సుమా."

"మణెమ్మగారు," అయ్యగారు తర్వాతి పేరు చదివారు, "అరగంట."

మణెమ్మ నవ్వు అక్కడే ఆగింది. పరిస్థితి చక్కబెడదామని అయ్యగారు, "పొడవు ముఖ్యం కాదమ్మా, కొంచెమైనా చేశారు," అని ఓదార్చారు. దాంతో మార్తమ్మగారు లేచారు.

"మోకాళ్లకి రెండు సీసాల తైలం రాశానండి అయ్యగారూ. ఒకటిన్నర గంటకి అంత పడుద్దా?"

ఆవిడ బయటికి నడిచారు. వెనకాల స్త్రీల సమాజమంతా నడిచింది. రెండు నిమిషాల్లో పులుసు దాక మీద మూత, మూత మీద రాయి, పక్కన కుర్చీ, కుర్చీలో మార్తమ్మగారు. కిటికీలోంచి జ్యోత్స్న రూబెన్‌కు రెండు వేళ్లు చూపించి, తర్వాత సున్నా చుట్టింది. రెండింటికి రావలసిన మాట సున్నా అయిందని అతనికి అర్థమైంది.

సంఘపెద్ద మత్తయిగారు దగ్గరికొచ్చారు. "బాబూ, నీ సంబంధం దేవుడు చూసుకుంటాడు. ముందు ఆ పులుసు సంగతి నువ్వు చూడు."

"ఇరవై నాలుగుతో గుణిస్తే సరిపోద్దండి," అని రూబెన్ కాలమ్ మొత్తాన్ని గుణించి కొత్త ప్రింటు తెచ్చాడు. అయ్యగారు మైకును కిటికీ దాకా లాక్కెళ్లారు.

"పొరపాటు కంప్యూటరుదమ్మా. మార్తమ్మగారు, ముప్పై ఆరు గంటలు."

మూత మీద నుంచి రాయి దిగింది.

"మణెమ్మగారు, పన్నెండు."

మూత కూడా లేచింది. అయితే చివరి గడిని రూబెన్ మరిచిపోయాడు. అయ్యగారి ప్రసంగం నిడివిని అతను మొదట్నుంచీ మామూలు అంకెగానే 1.5 అని కొట్టి ఉంచాడు. ఇరవై నాలుగు దాన్నీ వదల్లేదు.

"ఆదివారం ప్రసంగం, సగటున," అయ్యగారు అదే ఊపులో చదివేశారు, "ముప్పై ఆరు గంటలు."

రూబెన్ కళ్లు మూసుకున్నాడు. మార్తమ్మగారు గరిటెతో గుమ్మంలోకి వచ్చారు.

"ఇప్పుడు నమ్మకం కుదిరిందండి. ఎవరికీ జంకకుండా ఉన్నదున్నట్టు రాసే అబ్బాయి. మా జ్యోత్స్నని ఇతనికే ఇస్తున్నాం."

"అది కాదండి అత్తయ్యగారూ, నిజానికి ఒకటిన్నరే..." అని రూబెన్ నోరు తెరిచాడు. మత్తయిగారు అందులో కొరమీను ముక్క పెట్టారు.

నివేదికను సంఘం చేతులెత్తి ఆమోదించింది. సవరణ కోరింది అయ్యగారొక్కరే. మాట్లాడటానికి ఆయనకు రెండు నిమిషాలు ఇచ్చారు.